“మాకు అలవాటేనండీ” అంటే చెవి ఒప్పుకోదు

ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినిపిస్తోందో చూపే గ్రాఫ్) కాగితం చేతిలో పెట్టగానే ఆటోనగర్ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: “మోతా? మాకు అలవాటేనండీ.” లారీ బాడీ షెడ్డు, లేత్, డెంటింగ్, ఎక్కడివాళ్లయినా అంతే. చేరిన కొత్తలో తల దిమ్మెక్కిపోయేదట, ఇప్పుడు అసలు తెలియడం లేదట. బెజవాడలో వినికిడి పరీక్షలు చేసే నాకు ఎదురయ్యే అపోహల్లో మనుషుల్ని ఎక్కువగా ముంచేది ఇదే. మిగతావి తర్వాత.

అపోహ: మోతకు అలవాటు పడితే చెవికేం కాదు.

వాస్తవం: అలవాటు పడింది మీ మెదడు. ఒకే శబ్దం పదే పదే వస్తూ, దానివల్ల కొత్తగా జరిగేదేమీ లేదని తేలాక మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గించేస్తుంది. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి బీప్‌లు వినిపిస్తే ఇది కళ్లకు కనిపిస్తుంది. మొదటి బీప్‌కి పెద్ద అల లేస్తుంది, తర్వాతి వాటికి చిన్నవి. మధ్యలో ఒక్క బీప్ శ్రుతి మార్చండి, మనిషి పుస్తకంలో మునిగి ఉన్నా సరే, మెదడు పసిగట్టేస్తుంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ బృందం 1978లోనే దీని గురించి రాసింది. అంటే ఆ శబ్దం లోపలికి వస్తూనే ఉంది. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగగానే మెలకువ రావడంలోనూ దీని చెయ్యి ఉంది (మన ఎండాకాలంలో ఉక్కపోత వాటా కాదనలేం అనుకోండి).

లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాకు ఆ వెసులుబాటు లేదు. అందులో శబ్దాన్ని పట్టే కణాలు, అంటే హెయిర్ సెల్స్, ఒక్కో చెవికి సుమారు 15,000. రేకు మీద వెయ్యోసారి పడిన సుత్తి దెబ్బ కూడా వాటికి మొదటి దెబ్బంత గట్టిగానే తగులుతుంది. చచ్చిపోయినవి మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండటమే ఎక్కువ. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఇనుము మీద గ్రైండర్ ఆ చుట్టుపక్కలే ఉంటుంది, మరి మీ షిఫ్టు ఎంతసేపు? ఇంకో సంగతి, మోత తగ్గినట్టు అనిపించడానికి కారణం ఒక్కోసారి అలవాటు కూడా కాదు, వినికిడే తగ్గిపోయి ఉంటుంది.

ఒక డెంటింగ్ మేస్త్రీని ఆయన భార్య లాక్కొచ్చింది. “బయటివాళ్లు పిలిస్తే పలుకుతారండీ, నా మాటే వినిపించుకోరు” అని ఆవిడ కోపం. గ్రాఫ్ 2000 హెర్ట్జ్ దాకా బాగానే ఉంది, ఇంకా సన్నని శబ్దాలుండే 4000 దగ్గర గోతిలో పడింది. మోత చేసే నష్టం ముందు కనిపించేది ఆ చుట్టుపక్కలే. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని “పాలు” అన్నాను, ఆయన “కాలు” అన్నాడు. కాగితం తీసి మళ్లీ అంటే సరిగ్గా చెప్పాడు, పెదవులు కలవడం చూసి. వంటింట్లోంచి పిలిచే భార్య పెదవులు ఆయనకెలా కనిపిస్తాయి? ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “దూది పెట్టుకోమని నేనే చెప్పానండీ” అంది. పాపం, దూది ఆపేది దాదాపు ఏమీ ఉండదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్ కొనండి. సన్నగా నలిపి, రెండో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టి ఉంచాలి. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే లెక్క.

అపోహ: మూడోసారి పళ్లెం మోగిస్తే పాప తిరగలేదు, చెవుడే.

అమ్మా, ముందు ఊపిరి తీసుకోండి. ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ చేస్తే పసివాళ్లకి విసుగు పుడుతుంది, అదీ మెదడు చేసే పనే. అలాగని తిరిగినంత మాత్రాన బాగా వినిపిస్తోందనీ కాదు, స్టీలు పళ్లెం మోత ఎక్కడ, మీ మాట ఎక్కడ? పళ్లేలు కడిగి బోర్లించి ఓఏఈ (లోపలి చెవి స్పందనను చూసే పరీక్ష), అవసరమైతే బెరా (క్లిక్ శబ్దాలకు వినికిడి నరం, మెదడు ఇచ్చే స్పందనను తల మీది ఎలక్ట్రోడ్లతో చూసే పరీక్ష) చేయించండి. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, లోపం ఉంటే 3 నెలలకల్లా నిర్ధారణ, 6 నెలలకల్లా చికిత్స మొదలవ్వాలి. “మాటలు వాళ్ల నాన్నకీ ఆలస్యమే” అంటూ రెండేళ్లు ఆగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: బెరాలో అన్నిసార్లు టిక్ టిక్ అంటే పాప మెదడు పాడవుతుంది.

పాడవదు. ఒక్కో క్లిక్కుకి వచ్చే జవాబు అల చాలా చిన్నది, వేల క్లిక్కుల సగటు తీస్తేగానీ బయటపడదు. నిద్రలోనూ వస్తుంది కాబట్టే పాపను పడుకోబెట్టమంటాం.

ఫలానా ఫ్రీక్వెన్సీ రోజూ వింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న వాట్సాప్ ఆడియో నాకు పంపకండి.

అపోహ: చెవిలో గుయ్‌మనే మోత మొదలైతే ఇక జీవితాంతం నరకమే.

మోత పూర్తిగా పోకపోవచ్చు. కానీ చాలామందికి మెదడు దాన్ని కూడా మెల్లగా పక్కన పెట్టేస్తుంది. నిశ్శబ్దంలో కూర్చుని దాన్నే వెతుక్కుంటే మాత్రం పెద్దదవుతుంది, రాత్రి ఫ్యాన్ శబ్దమో సన్నగా రేడియోనో ఉండనివ్వండి. అయితే మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు వస్తున్నా ఈఎన్‌టీకి చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే జలుబే అనుకుని వారం ఆగకండి, చెవిలో నూనె పొయ్యకండి. స్టెరాయిడ్లు బాగా పనిచేసేది తొలి రోజుల్లోనే, అదే రోజు వెళ్లండి.