పక్కింటి గిన్నె

చిట్టితల్లీ, బుజ్జీ,

"జపాన్ నుంచి ఒక అమ్మాయి వచ్చి వారం రోజులు మా ఇంట్లో ఉంటుందట. మా ఫెయిర్‌హేవెనూ వాళ్ళ తొసాషిమిజూ అక్కచెల్లెళ్ళట. ఊళ్ళు అక్కచెల్లెళ్ళు ఎలా అవుతాయి తాతయ్యా? అయినా నా గదే ఎందుకివ్వాలి?" అని ఫోన్‌లో అడిగావు. రెండో ప్రశ్నలోని కోపం నాకు బాగానే వినిపించింది. ఇది ఫోన్‌లో తేలేది కాదని కాగితం తీశాను.

స్నేహంగా ఉంటామని రెండు ఊళ్ళ పెద్దలూ సంతకాలు పెడతారు, ఫొటోలు దిగుతారు. ఆ సంగతి వదిలెయ్. నాకు తెలిసింది గిన్నె లెక్క.

మా చిన్నప్పుడు పక్కింటి అత్తయ్యగారు కూర పంపిస్తే, ఆ గిన్నె మా అమ్మ ఖాళీగా తిరిగిచ్చేది కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసేది. ఒకసారి నాలుగు సున్నుండలు పెట్టి నాచేత పంపింది. రెండిళ్ళకీ మధ్య ఒక నుయ్యి, ఒక జామచెట్టు. ఆ జామచెట్టు కింద కాసేపు ఆగాను. అత్తయ్యగారు ఖాళీ గిన్నెలోకి చూశారు, నా మూతికి అంటుకున్న పిండి చూశారు, ఏమీ అనలేదు. లోపలికెళ్ళి గిన్నె నిండా జంతికలు పోసుకొచ్చి, విడిగా ఒక చిన్న పొట్లం నా చేతిలో పెట్టారు. "ఇది మోసేవాడికి, దారిలో తినడానికి" అన్నారు. దెబ్బలు తిన్నా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

మీ ఊరి గిన్నె 1841లో బయల్దేరింది. జపాన్‌లో మంజిరో అని పద్నాలుగేళ్ళ పిల్లాడు, చేపల వేటకెళ్ళి తుపానులో చిక్కుకున్నాడు. మరో నలుగురితో కలిసి మనుషులు లేని దీవికి కొట్టుకుపోయి, పక్షుల్ని తింటూ నెలల తరబడి బతికాడు. తిమింగలాల వేటకొచ్చిన అమెరికా ఓడ వాళ్ళని ఎక్కించుకుంది. అప్పట్లో జపాన్ విడిచి వెళ్ళినవాడు తిరిగొస్తే మరణశిక్ష కూడా వేయొచ్చు. అందుకని ఓడ కెప్టెన్ విట్‌ఫీల్డ్, మంజిరోని 1843లో అమెరికాలోని మీ ఊరు తెచ్చి, చోటిచ్చి, బడిలో వేశాడు. చర్చిలో మాత్రం, ఈ పిల్లాణ్ణి మీ పక్కన కూర్చోబెట్టుకోవడానికి వీల్లేదన్నారు. కెప్టెన్ వాదనకి దిగలేదు. చర్చే మార్చేశాడు!

ఆ పిల్లాడు పెద్దవాడై, ప్రాణాలకి తెగించి 1851లో జపాన్ చేరాడు. అక్కడి అధికారులు నెలల తరబడి నిలదీసి అడిగారట. 1853లో అమెరికా యుద్ధనౌకలు వచ్చి నిలబడేసరికి ఇంగ్లీషు తెలిసినవాడు కావాల్సి వచ్చింది. చేపలు పట్టే ఇంటి కుర్రాడు కత్తి కట్టే సమురాయ్ యోధుడయ్యాడు. 1870లో ఏదో పని మీద వెళ్తూ దారి మళ్ళి మీ ఊరొచ్చి, ముసలివాడైన కెప్టెన్‌ని చూసి వెళ్ళాడు.

గిన్నె అక్కడితో ఆగలేదు. 1918లో మంజిరో కొడుకు మీ ఊరికి ఒక సమురాయ్ కత్తి పంపాడు. అది పెట్టిన మీ ఊరి మిలిసెంట్ లైబ్రరీలో తర్వాతెప్పుడో దొంగలు పడి ఎత్తుకుపోతే, జపాన్ వాళ్ళు ఇంకోటి పంపారు. చూశావా, గిన్నె పోతే కొత్త గిన్నె! మధ్యలో ఆ రెండు దేశాలూ యుద్ధం చేసుకున్నాయి. ఆ నాలుగేళ్ళూ గిన్నె ఎవరింట్లో ఉందంటే నా పోలిక పనిచేయదు, నన్నడక్కు. 1987లో మాత్రం మీ ఊరు, పక్కనున్న న్యూ బెడ్‌ఫర్డ్, మంజిరో పుట్టిన పల్లె ఉన్న తొసాషిమిజు అక్కచెల్లెళ్ళయ్యాయి. ఇప్పుడు గిన్నెలో పిల్లల్ని పెట్టి పంపుకుంటున్నారు.

నీ గది సంగతంటావా? కెప్టెన్ ఇల్లు చెర్రీ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది, మ్యూజియం చేశారు. ఆ అమ్మాయి రాకముందే మీరిద్దరూ వెళ్ళి, వాకిట్లో ఒక్క నిమిషం నిలబడండి. భాష రాని పిల్లాడు అంతదూరం నుంచి వచ్చి మొదటిరోజు ఆ గుమ్మం ఎలా దాటాడో! నాకైతే ఊహకి అందడం లేదు.

అక్కణ్ణుంచి మిలిసెంట్ లైబ్రరీకి వెళ్ళి, ఆ కత్తి ఒర ఏ రంగో చూసి నాకు రాయండి. అమ్మని సున్నుండలు చేసి ఉంచమనండి. బుజ్జిగాడికి వేరే పొట్లం కట్టమన్నానని చెప్పండి.

మీ తాతయ్య