పేదల చేతికి నేరుగా డబ్బు: అనుమానాలు దాటి వచ్చిన దారి

పేద కుటుంబానికి సాయం చేయాలనుకున్న ప్రభుత్వాలు చాలాకాలం వస్తువులే ఇచ్చాయి. తిండిగింజలు, పాలపొడి, దుప్పట్లు, విత్తనాలు, ఎరువుల మీద తగ్గింపు. డబ్బు మాత్రం చేతికివ్వడానికి వెనకాడాయి. ఇస్తే తాగేస్తారు, దుబారా చేస్తారు, పని మానేస్తారు అన్న అనుమానం పాలకుల్లోనే కాదు, దాతృత్వ సంస్థల్లోనూ గట్టిగా ఉండేది. ఇవాళ ఎన్నో దేశాల్లో కూలీనాలీ చేసుకునే పల్లెటూరి ఇంటికి బ్యాంకు ఖాతాలోకో ఫోన్‌లోకో డబ్బు పడుతోందంటే, దాని వెనక ఆ అనుమానాన్ని ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టిన దాదాపు ముప్పై ఏళ్ల కృషి ఉంది.

ఆలోచనకు బలం చేకూర్చింది కరువుల అధ్యయనం. 1943 బెంగాల్ కరువులో లక్షలాది మంది చనిపోయారు. దానికి తిండిగింజల కొరత ఒక్కటే కారణం కాదని, పెరిగిన ధరలను వ్యవసాయ కూలీలు, జాలర్లు, చేతివృత్తులవారి సంపాదన అందుకోలేకపోయిందని అమర్త్యసేన్ 1981లో వాదించారు. ఆ కరువు లెక్కల మీద వాదోపవాదాలు తర్వాత కూడా సాగాయి. అయినా ఆకలి గురించి మాట్లాడేటప్పుడు పంటతో పాటు కొనే శక్తిని కూడా చూడాలన్నది అప్పటి నుంచి స్థిరపడింది.

దాన్ని పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టింది మెక్సికో. 1994 డిసెంబర్‌లో అక్కడి కరెన్సీ పెసో విలువ కుప్పకూలి, మరుసటి ఏడాది దేశం తీవ్ర మాంద్యంలో పడింది. పేదల పేరిట ఇస్తున్న ఆహార రాయితీల్లో పెద్ద వాటా పట్టణాలకే పోయేది. మారుమూల పల్లెల్లోని అతి పేదలకు చేరేది కొంచెమే. ఆర్థిక శాఖ ఉపమంత్రి, ఆర్థికవేత్త సాంటియాగో లెవీ ఆ రాయితీల స్థానంలో నగదు ఇవ్వాలని పట్టుబట్టారు. 1997 ఆగస్టులో ప్రోగ్రెసా పథకం పల్లెల్లో మొదలైంది. రెండు నెలలకోసారి డబ్బు, అదీ తల్లి చేతికి. పిల్లలు బడికి వెళ్లాలి, ఇంటివాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పరీక్షలు చేయించుకోవాలి అన్నవి షరతులు. పై తరగతులకు వచ్చేసరికి ఆడపిల్లల చదువు ఎక్కువగా ఆగిపోతోంది కాబట్టి, అక్కడ వాళ్లకిచ్చే మొత్తాన్ని మగపిల్లల కన్నా పెంచారు.

పథకంతో పాటే దాన్ని తూచే పద్ధతినీ పెట్టారు. పరిశీలనకు 506 ఊళ్లను ఎంచుకుని, లాటరీ తీసినట్టుగా విడగొట్టి 320 ఊళ్లకు ముందు, 186 ఊళ్లకు సుమారు ఏడాదిన్నర తర్వాత డబ్బు ఇచ్చారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు వల్ల ఏం మారిందో తేలుతుంది. ఇందులో రాజకీయ వివేకం కూడా ఉంది. 2000 ఎన్నికల్లో ఏడు దశాబ్దాలు ఏలిన పార్టీ ఓడిపోయింది. అలాంటప్పుడు పాత ప్రభుత్వ పథకాలు మూతపడటం అక్కడ మామూలే. ప్రోగ్రెసా మాత్రం పేరు మార్చుకుని నిలిచింది, 2019 దాకా నడిచింది. ఫలితాలు కాగితం మీద కనబడుతుంటే ఆపడం ఎవరికైనా కష్టమే.

ఆ ఫలితాల్లో బడి హాజరు గురించే ఎక్కువమంది రాశారు. పై తరగతుల్లో చేరే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పెరిగారు. పళ్లెంలో కూరగాయలు, పండ్లు, మాంసం పెరిగాయి. నాకు వీటికన్నా ముఖ్యమనిపించేది మరొకటి. అందిన ప్రతి పెసోలో సుమారు 74 సెంటావోలు (పెసోకు వంద సెంటావోలు) ఇంటి ఖర్చుకు పోగా, మిగిలిన నాలుగో వంతును కుటుంబాలు పశువుల మీద, సేద్యం మీద, చిన్నపాటి వ్యాపారాల మీద పెట్టాయని తర్వాతి అధ్యయనం తేల్చింది. పెట్టుబడి పెట్టమని వాళ్లకెవరూ చెప్పలేదు. కూలి ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఇల్లు చిన్న రిస్కు కూడా తీసుకోలేదు. కొన్న మేక చస్తే పొయ్యి ఆరిపోతుంది. రెండు నెలలకోసారి ఎంతో కొంత ఖాయంగా వస్తుందని తెలిసినప్పుడు అదే ఇల్లు వచ్చే ఏడాది గురించి ఆలోచించగలుగుతుంది. పేదలకు ముందుచూపు లేదనే మాట ఎంత అన్యాయమో ఈ నాలుగో వంతు చెబుతుంది.

బ్రెజిల్‌లో 1995లోనే కొన్ని స్థానిక ప్రభుత్వాలు పిల్లల చదువుకు ముడిపెట్టి నగదు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2003 అక్టోబర్‌లో అధ్యక్షుడు లూలా ప్రభుత్వం నాలుగు కేంద్ర పథకాలను కలిపి బోల్సా ఫమీలియాగా మార్చింది. మూడేళ్లలో అది దాదాపు 1.1 కోట్ల కుటుంబాలకు చేరింది. డబ్బు అందుకునే కార్డుల్లో 90 శాతానికి పైగా ఆడవాళ్ల పేరిటే.

డబ్బు ఎవరి చేతికి అందుతుందన్నది అంత ముఖ్యమా? దక్షిణాఫ్రికా అనుభవం అవుననే చెప్పింది. వర్ణవివక్ష ముగింపు దశలో, 1990ల మొదట్లో, నల్లజాతి వృద్ధుల పింఛన్లను తెల్లవారితో సమానం చేశారు. ఆ ఇళ్లలో పిల్లల ఎదుగుదలను ఆర్థికవేత్త ఎస్తేర్ దుఫ్లో పరిశీలించారు. అవ్వకు పింఛను వచ్చే ఇంట్లో మనవరాళ్ల శరీర పుష్టి మెరుగుపడింది. తాతకు వచ్చే ఇంట్లో అలాంటి మార్పు కనబడలేదు.

తర్వాతి తగవు షరతుల మీద. మలావీలోని జోంబా జిల్లాలో 2008, 2009లలో కౌమార బాలికల కుటుంబాలకు రెండు రకాలుగా డబ్బిచ్చి చూశారు. కొందరికి బడికి వెళ్తేనే, కొందరికి ఏ షరతూ లేకుండా. చదువు విషయంలో షరతే ఎక్కువ పనిచేసింది. కానీ షరతు లేని డబ్బు మరో చోట కాపాడింది: చదువు మానేసిన అమ్మాయిల్లో చిన్నవయసు పెళ్లిళ్లు, గర్భాలు తగ్గాయి. షరతు పెట్టిన చోట బడి మానేసిన పిల్లకు సాయమూ ఆగిపోతుంది. సాయం అత్యవసరమైంది ఆ పిల్లకే. కార్యాలయంలో కూర్చుని షరతులు రాసేవారు ఈ ఒక్క సంగతి మరవకూడదని నా కోరిక.

కెన్యాలో 2007లో మొబైల్ ఫోన్ ద్వారా డబ్బు పంపే ఎం-పెసా వచ్చింది. బ్యాంకు లేని పల్లెకు కూడా దళారీ లేకుండా నగదు చేరే వీలు కలిగింది. అమెరికాలో అర్థశాస్త్రం చదువుతున్న కొందరు విద్యార్థులు పెట్టిన గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ దాన్ని వాడుకుని, పూరికప్పు ఇళ్లను గుర్తించి, ఏ షరతూ లేకుండా పెద్ద మొత్తాలు పంపింది. రరీడా ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో తేలినదేమిటంటే, నెలనెలా అందుకున్నవారికి తిండి భద్రత పెరిగింది, ఒకేసారి అందుకున్నవారు రేకుల కప్పు వంటి మన్నికైన వాటికి ఖర్చు పెట్టారు. మద్యం, పొగాకు ఖర్చు పెరగలేదు. ఈ తాగుడు అనుమానం మీద వివిధ దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను కలిపి చూసిన ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కూడా 2014లో అదే మాట చెప్పారు.

రేకుల కప్పును కొందరు ఆడంబరం అనుకున్నారు. పూరికప్పు తరచూ కప్పుకోవాలి, వానకు కారుతుంది. రేకులు వేసుకున్న ఇంటికి ఆ ఖర్చు ఏళ్లపాటు తప్పుతుంది.

కెన్యాలోనే సియాయా ప్రాంతంలో సుమారు 10,500 ఇళ్లకు దాదాపు 1,000 డాలర్ల చొప్పున ఇచ్చినప్పుడు లాభం ఆ ఇళ్లతో ఆగలేదు. డబ్బు అందని ఇళ్ల ఖర్చూ పెరిగింది, ఊళ్లోని చిన్న వ్యాపారాల రాబడీ పెరిగింది. ధరలు పెరిగింది నామమాత్రమే.

అన్ని చోట్లా ఇంత సాఫీగా జరగలేదు, అది దాచకూడదు. ఫిలిప్పీన్స్‌లో చాలామందికి నగదు అందిన మారుమూల ఊళ్లలో గుడ్లు, చేపల వంటి వాటి ధరలు పెరిగి, సాయం అందని ఇళ్ల పిల్లల్లో ఎదుగుదల లోపం ఎక్కువైంది. ఉగాండాలో యువతకు వ్యాపారం కోసం ఇచ్చిన మొత్తాలు నాలుగేళ్లకు ఆదాయాన్ని బాగా పెంచాయి. తొమ్మిదేళ్లకు డబ్బు అందనివారు కూడా దాదాపు వాళ్లతో సమానమయ్యారు. బడిలో మాస్టారు, ఊరికి దారి, ఆరోగ్య కేంద్రంలో మందు లేనప్పుడు నగదు ఒక్కటే వాటిని తేలేదు.

భారత్‌లో 2011, 2012లలో స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ (SEWA) యూనిసెఫ్ తోడ్పాటుతో మధ్యప్రదేశ్‌లోని 8 ఊళ్లలో ప్రతి మనిషికీ నగదు ఇచ్చి చూసింది. పెద్దవారికి నెలకు 200 రూపాయలు, పిల్లలకు 100. తర్వాత 300, 150. అంత చిన్న మొత్తంతోనే కూలికి పోయే రోజులు తగ్గించి సొంత పొలంలో పనిచేసినవారు, పశువులు కొన్నవారు పెరిగారు. ఆ ప్రయోగంలో మినహాయింపులు లేవు. ఊళ్లో ఉన్న ప్రతివారూ జాబితాలో ఉన్నారు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద పథకాలు ఆ దారిన నడవలేదు. 2018 మేలో తెలంగాణ రైతుబంధు, 2019లో కేంద్రం పీఎం-కిసాన్ మొదలుపెట్టాయి. రెంటికీ కొలమానం పొలం ఎవరి పేరున ఉందన్నదే. దున్ని, విత్తి, నష్టం భరించే కౌలు రైతుకు, సెంటు భూమి లేని కూలికి వాటిలో చోటు దొరకలేదు. ఒడిశా 2018 చివర్లో ప్రకటించిన కాలియా పథకంలో భూమిలేని కుటుంబాలనూ చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో కొన్ని సామాజిక వర్గాల కౌలు రైతులను కలుపుకుంది, అయితే కౌలు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాల్సి వచ్చేది. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు ఆ సంతకం పెట్టలేదు. సాగు చేస్తున్నా కార్డు లేని కౌలు కుటుంబాలు అలా సాయానికి బయటే ఉండిపోయాయి.