డీజిల్లో నీటిచుక్క ఎంత పెద్దదైతే అంత మేలు

తెల్లవారుజామున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే లారీ డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న డ్రైన్ ప్లగ్ వదులు చేసి, కాస్త డీజిల్‌ను గాజుసీసాలో పట్టి వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. నీరు చేరిన బండైతే పైన లేత పసుపు డీజిల్, అడుగున తేటనీరు, మధ్యలో గీత గీసినట్టు హద్దు కనిపిస్తాయి. అదే బండి రాత్రంతా నడిచి వచ్చి ఆగిన వెంటనే పట్టి చూస్తే చాలాసార్లు ఆ గీత ఉండదు. డీజిల్ కొంచెం మబ్బుగా ఉంటుంది, అంతే. నీరు లేదనుకుని ప్లగ్ బిగించేస్తాం. నీరు అందులోనే ఉంది. అడుగుకు దిగడానికి దానికి టైం చాలలేదు.

లీటరు నీరు కిలో తూగితే, లీటరు డీజిల్ దాదాపు 830 గ్రాములు తూగుతుంది. అందుకే నీరు కిందికి దిగుతుంది. ఎంత వేగంగా దిగుతుందన్నది మాత్రం చుక్క సైజును బట్టి ఉంటుంది. జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త 1851లో ఇచ్చిన సూత్రం ప్రకారం, చుక్క వ్యాసం పది రెట్లు తగ్గితే అది దిగే వేగం వంద రెట్లు తగ్గుతుంది. మన డీజిల్ చిక్కదనానికి లెక్క కడితే, 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్క అర మీటరు లోతు దిగడానికి ఇరవై నిమిషాలు దాటుతుంది. 10 మైక్రాన్ల చుక్కకు అదే లోతు దిగడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. డీజిల్ ఫిల్టర్ డిజైన్ అంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది. పెద్ద చుక్కను పట్టడం తేలిక. చిన్న చుక్క డీజిల్‌తో పాటే ఇంజెక్టర్ దాకా, అంటే ఇంజిన్‌లోకి డీజిల్‌ను చిమ్మే భాగం దాకా పోతుంది.

అసలు ఈ నీరు ఎక్కడినుంచి వస్తుంది? రాత్రి చల్లబడ్డాక ట్యాంకు లోపల చెమ్మ పట్టి వస్తుందని చాలామంది చెబుతారు. అది నిజమే గానీ, ఎంత వస్తుందో చూద్దాం. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో పట్టే నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు. ట్యాంకులో 300 లీటర్ల ఖాళీ ఉందనుకుంటే, ఒక రాత్రికి దిగే నీరు నాలుగు గ్రాములు, అంటే ఒక టీస్పూను కూడా కాదు. నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబడిపోయే బండికి, జనరేటర్‌కు ఇది లెక్కలోకి వస్తుంది. రోజూ తిరిగే లారీకి దీనికంటే పెద్ద దారులు వేరే ఉన్నాయి: రబ్బరు వాషర్ పోయిన ట్యాంకు మూత, వానాకాలంలో నీరు దిగిన బంకు భూగర్భ ట్యాంకు, ఎండావానల్లో నిలువుగా పెట్టిన డ్రమ్ము. డ్రమ్ము సంగతి చాలామంది పట్టించుకోరు. పైన అంచు లోపల వాననీరు నిలుస్తుంది. రాత్రి డ్రమ్ములోని గాలి చల్లబడి ముడుచుకునేటప్పుడు ఆ నీటిని మూత సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. డ్రమ్మును పడుకోబెట్టి రెండు మూతలూ డీజిల్ మట్టానికి కిందే ఉండేలా పెడితే ఈ బెడద ఉండదు.

మంచి డీజిల్లోనూ కొంత నీరుంటుంది. బీఎస్-6 (భారత్ స్టేజ్-6) ప్రమాణం కిలో డీజిల్‌కు 200 మిల్లీగ్రాముల దాకా నీటిని అనుమతిస్తుంది. 300 లీటర్ల ట్యాంకు నింపితే ఆ లెక్కన 50 గ్రాముల దాకా. ఇందులో కొంత డీజిల్లోనే కరిగి ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. కానీ వేడి డీజిల్ ఎక్కువ నీటిని కరిగించుకుంటుంది, చల్లబడితే వదిలేస్తుంది. కామన్ రైల్ ఇంజిన్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే ఇంజిన్‌లో, వాడగా మిగిలిన డీజిల్ బాగా వేడెక్కి ట్యాంకుకు తిరిగొస్తుంది. పగలంతా కరిగి ఉన్న నీరు రాత్రి చుక్కలుగా విడిపోతుంది. పొద్దున్నే డ్రైన్ చేయమనడానికి ఇది రెండో కారణం.

పాత లారీల్లో ఇంజెక్టర్ 200, 250 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) దగ్గర తెరుచుకునేది. ఇప్పటి కామన్ రైల్‌లో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్లు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. ఇంజెక్టర్‌లో కదిలే భాగాల మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ సందు ఎంతటిదో తెలుస్తుంది. అక్కడ ఇంజిన్ ఆయిల్ ఉండదు, ఆ భాగాలకు డీజిలే నూనె. నీటిచుక్క చేరిన చోట ఆ పొర తెగి ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఆగిన బండిలో తుప్పు పడుతుంది. ఆ తుప్పు రేణువులే మళ్లీ గీతలు పెడతాయి. వేడి నాజిల్ కొన దగ్గర నీరు ఒక్కసారిగా ఆవిరై కొననే దెబ్బతీయగలదు. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా డీజిల్లో గంధకం 10 పీపీఎంకు, అంటే పది లక్షల్లో పది వంతులకు తగ్గింది. దాన్ని తీసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం కూడా పోతుంది కాబట్టి మందు కలిపి తిరిగి తెస్తారు. గాలికి ఇది చాలా మంచి మార్పు. పంపుకు మాత్రం నీటిని తట్టుకునే వెసులుబాటు తగ్గింది.

ఇక ఫిల్టర్ పని. నీటిని వేరుచేసే ఫిల్టర్‌ను, అంటే వాటర్ సెపరేటర్‌ను ట్యాంకుకూ పంపుకూ మధ్య పెట్టడంలో గొప్ప తెలివి ఉంది. పంపు దాటితే నీటిచుక్కలు చితికి సన్నటి తుంపరలవుతాయి, ఇక పట్టడం కష్టం. పంపుకు ముందైతే చుక్కలు ఇంకా పెద్దవే. డీజిల్ ఫిల్టర్ పొరలోంచి పోతుంటే నీటి తుంపరలు పోగుల మీద ఆగి, ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి కింది బౌల్‌లోకి జారతాయి. బౌల్ అడుగున ఉన్న సెన్సార్‌లో రెండు లోహపు కొనలుంటాయి. డీజిల్లో కరెంటు పారదు, నీటిలో పారుతుంది. నీరు ఆ కొనలను తాకగానే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అంటే బౌల్‌లో తీసేయాల్సినంత నీరు చేరింది. ‘ఊరు చేరాక చూద్దాం’ అనుకునే లైటు కాదది.

బయోడీజిల్ కలిస్తే ఈ పని కష్టమవుతుంది. అది నీటిని ఎక్కువగా కరిగించుకుంటుంది, చుక్కలు ఒకదానితో ఒకటి కలవనీయదు. 2030 నాటికి డీజిల్లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ విధానం లక్ష్యం. మంచి సెపరేటర్ విలువ ఇంకా పెరుగుతుందన్నమాట. డ్రైన్ చేసినప్పుడు నల్లటి జిగురు పేలికలు వస్తే అది మురికి కాదు, బూజు. నీరు, డీజిల్ కలిసే హద్దులో బతికే సూక్ష్మజీవులు డీజిల్‌నే తింటూ ఆమ్లాలు వదులుతాయి. అప్పుడు ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, ట్యాంకు దించి కడిగించాల్సిందే.

ఫిల్టర్ మార్చేటప్పుడు మన దగ్గర రెండు అలవాట్లు నాకు భయం కలిగిస్తాయి. ఒకటి, కొత్త ఫిల్టర్‌లో క్యాన్‌తో డీజిల్ పోసి బిగించడం. మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడకట్టకుండా నేరుగా పంపులోకి వెళుతుంది. హ్యాండ్ పంపుతో కొట్టి నింపడం నిదానమే గానీ అదే సరైన పద్ధతి. రెండోది, ఎయిర్ పట్టినప్పుడు (డీజిల్ లైన్లో గాలి చేరినప్పుడు) ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టడం. పాత ఇంజిన్‌లో అది చెల్లింది. కామన్ రైల్ పైపులోంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. కంపెనీ ఇచ్చిన ఎయిర్ స్క్రూ దగ్గర తప్ప ఇంకెక్కడా గాలి తీయకూడదు. పాత ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్లీ వాడటం కూడా వద్దు, చిరిగిన పొర బయటికి కనిపించదు.

వరదనీటిలో మునిగిన బండికి గానీ, డీజిల్ పోయించిన కాసేపటికే లైటు వెలిగి తెల్లపొగ, మిస్సింగ్ మొదలైన బండికి గానీ బౌల్ ఒక్కటి ఖాళీ చేస్తే చాలదు. తాళం తిప్పకుండా బండిని లాగించుకెళ్లి, ట్యాంకు మొత్తం దించి, లైన్లు కడిగించి, సెపరేటర్ ఫిల్టర్, దాని తర్వాతి ఫిల్టర్ రెండూ మార్పించాలి. ఆ ట్యాంకు డీజిల్ నుంచి ఒక సీసా మూత బిగించి దాచిపెట్టి, బంకు బిల్లు దానితో పాటు ఉంచితే తర్వాత ఫిర్యాదుకు పనికొస్తాయి.