సినిమా రాకముందే పాట ఎలా వచ్చింది?

చింటూ, పండూ,

మొన్న ఆదివారం మెట్రోలో అమీర్‌పేట దాటగానే చింటూ అడిగాడు: "తాతయ్యా, సినిమా వచ్చే నెల కదా, మరి పాట ఇప్పుడే ఎలా వచ్చింది?" ఆ రద్దీలో ఏదో గొణిగి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మనసు ఒప్పుకోలేదు, అందుకే ఈ ఉత్తరం.

1932లో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చిన రోజుల్లో నటులే కెమెరా ముందు పాడాలి. పాట రాకపోతే పెద్ద వేషం దొరకడం కష్టం. పాటను ముందే రికార్డు చేసుకోవడం తర్వాత మొదలైంది. స్టూడియోలో గాయకుడు పాడేస్తాడు. షూటింగ్‌లో ఆ పాట స్పీకర్లో వేస్తే హీరో పెదాలు కదుపుతాడు. అంటే సినిమా పూర్తికాకముందే పాట చేతిలో ఉంటుంది. చేతిలో ఉన్న సరుకును నిర్మాత ఊరికే దాచుకుంటాడా? జనం నోట పడితే మొదటి రోజు హాలు నిండుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. మీ నాన్న చిన్నప్పుడు కోఠిలో నాకు క్యాసెట్ల కొట్టు ఉండేది కదా! అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట. ఒక సినిమా పాటలు ఒక వైపు సరిగ్గా పట్టేవి, రెండో వైపు ఇంకో సినిమా. కొందరు చీటీ మీద పాటల పేర్లు రాసుకొచ్చి రికార్డు చేయించుకునేవాళ్లు. పేరు గుర్తులేనివాళ్లు కౌంటర్ ముందే కూనిరాగం తీసేవాళ్లు. ఆ రాగాన్ని బట్టి పాట పట్టుకోవడం నా ఉద్యోగంలో సగం.

అక్కడ ఒకటి గమనించాను. సినిమా విడుదలకు ముందు అందరూ హుషారు పాటలే అడిగేవాళ్లు. నెమ్మది పాట రాగానే "అది వద్దు సార్, ముందుకు తిప్పండి" అనేవాళ్లు. వారం తిరిగేసరికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూసొచ్చి వాళ్లే "ఆ తల్లి చచ్చిపోయినప్పుడు వస్తుంది చూడండి, ఆ పాట కావాలి" అని అడిగేవాళ్లు. పాటలో ఒక్క అక్షరం మారలేదు. మధ్యలో వాళ్లు కథ చూశారు, అంతే. అందుకే పండూ, నువ్వు ఇరవై సెకన్లు విని వేలితో పైకి నెట్టేస్తుంటే నాకు పాత గిరాకీలు గుర్తొస్తారు.

అన్ని పాటలకూ సినిమా అండ అవసరం లేదనుకో. 'మా తెలుగు తల్లికి' పాటను శంకరంబాడి సుందరాచారి గారు రాసింది 'దీనబంధు' అనే సినిమా కోసం. అందులో దాన్ని వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గారు గ్రామఫోన్ రికార్డుకు పాడాక అది ఊరూరా తిరిగింది. మేం బళ్లో నిలబడి పాడినప్పుడు అది సినిమాకు రాసిన పాటని ఎవరికి తెలుసు!

దానికి ఎదురు కథ కూడా ఉంది. 'బండెనక బండి కట్టి' పాట తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి గారు కట్టింది, జనం నోట ఎప్పటినుంచో ఉన్నది. 1979 నాటి 'మాభూమి'లో గద్దర్ గారు దాన్ని పాడారు, తెర మీదా కనిపిస్తారు. ఇక్కడ సినిమానే పాట దగ్గరికి వెళ్లింది. ఆ సినిమా మీకిద్దరికీ చూపించాలని నాకెప్పటి నుంచో ఉంది. మీ అమ్మ 'పరీక్షలయ్యాక' అంటోంది.

కొట్టు మూసేసినప్పుడు మిగిలిన క్యాసెట్లు అటక మీద రెండు పెట్టెల్లో ఉన్నాయి. టేప్‌రికార్డర్ బెల్టు వదులైంది, బాలు గారి గొంతు కూడా కాస్త సాగదీసినట్టు వస్తుంది. సెలవులకు వచ్చేటప్పుడు ఒక పెన్సిల్ తెచ్చుకోండి. క్యాసెట్‌తో దానికేం పనో వచ్చాక చూపిస్తా.

మీ తాతయ్య