పరుపుచుట్టలో ముల్లు

పర్లాకిమిడి

చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"పవర్‌బ్యాంకు బాగానే పనిచేస్తోంది కదా తాతయ్యా, కంపెనీవాళ్ళు వెనక్కి ఎందుకిమ్మంటున్నారు? నాన్న ఇవ్వనంటున్నాడు" అని చిన్ని రాయగడ నుంచి ఫోన్‌లో అడిగింది. ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. మీ నాన్నకీ చదివి వినిపించండి.

నా చిన్నప్పుడు నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్న రైలు నడిచేది. ఏ పెళ్ళికెళ్ళినా పరుపుచుట్ట వెంట ఉండాల్సిందే. పరుపు మీద దుప్పటి, దుప్పటి మీద బొంత పరిచి, చుట్టి, తాడు బిగించడం నా పని. పవర్‌బ్యాంకు లోపలున్నదీ అలాంటిదే. రెండు పల్చని రేకులు, మధ్యలో తలవెంట్రుకంత మందం కూడా లేని ప్లాస్టిక్ పొర. ఆ పొరే దుప్పటి. అది చిరిగి పరుపూ బొంతా తగిలాయంటే కరెంటు ఒక్కసారిగా అడ్డదారిన పారుతుంది. వేడెక్కి లోపలి ద్రవం అంటుకుంటుంది. పరుపులో కరెంటు ఎక్కడిదని బుజ్జి అడుగుతాడు. అడగనీ.

ఇప్పుడు చుట్టలో తుమ్మముల్లు పడిందనుకోండి, దుప్పటి చిరుగుతుంది. 2006లో డెల్ కంపెనీ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలు వెనక్కి పిలిచింది అందుకే. లోపలి సెల్స్, అంటే ఆ చుట్టలు, సోనీవి, తయారీలో సన్నటి లోహపు రజను పడింది. 2016లో శామ్‌సంగ్ నోట్ 7 ఫోన్‌లో బ్యాటరీ చుట్టకి సంచి చిన్నదైంది. పెద్ద పరుపుని గోనెసంచిలో కుక్కినట్టయి మూల నలిగింది. మార్చి ఇచ్చిన ఫోన్లలో వేరేచోట చేసిన బ్యాటరీలు పెట్టారు. వాటిలో అతుకు దగ్గర మొనలు లేచాయి. మళ్ళీ ముల్లే! ఆ ఫోన్ తయారీయే మానేశారు.

పరుపంటే గుర్తొచ్చింది. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఒకరాత్రి రవ్వ రాలి పరుపంటుకుంది. బిందెడు నీళ్ళు పోసి, ఆరిందనుకుని పడుకున్నాం. తెల్లారేసరికి దూది లోపల్నుంచి మళ్ళీ పొగ. "నా చుట్టదేం తప్పు లేదు, దూది మంచిది కాదు" అంది నాయనమ్మ. బ్యాటరీ మంటా అంతే, ఆరినట్టే ఆరి మళ్ళీ లేస్తుంది.

మీ నాన్న సంగతికొస్తాను. 2007లో నోకియా బీఎల్-5సీ అనే రకం ఫోన్ బ్యాటరీలు 4 కోట్ల 60 లక్షలు ఉచితంగా మార్చి ఇస్తామంది. వేడెక్కాయని తెలిసినవి సుమారు 100. మిగతావి బాగానే ఉన్నాయిగా అంటే, ఏ చుట్టలో ముల్లుందో విప్పకుండా ఎవరు చెప్పగలరు? టీకొట్టు దగ్గరేమో నోకియా ఫోనంటేనే బాంబన్నారు. అదీ తప్పే. పిలిచింది ఒక తయారీదారు 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు లోపు చేసినవాటినే. నా ఫోన్ వెనక మూత తీసి చదివాను, నాది ఆ జాబితాలో లేదు. చదవనివాళ్ళు నెల్లాళ్ళు టెన్షన్ పడ్డారు. పిలిచి మరీ తప్పు ఒప్పుకున్నవాణ్ణి దొంగలా చూడటం నాకు నచ్చదు.

పవర్‌బ్యాంకు వెనక్కి తిప్పి చూడండి. మోడల్ పేరు, నంబరు చీమతలకాయలంత ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. కంపెనీ చెప్పిన నంబర్లలో ఉంటే ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, చెత్తబుట్టలో పడేయొద్దు. పరుపులకీ బట్టలకీ దూరంగా, గచ్చు మీద ఉంచండి. ఉబ్బి ఉంటే బుజ్జీ, నీకే చెబుతున్నా, పిన్నీసుతో పొడవకు.

నంబరు చదివి సాయంత్రం నాకు ఫోన్ చెయ్యండి.

తాతయ్య