ప్లేటు కారితే ఎటు కారాలి?

పాల ప్లాంటులో పాలను వేడి చేసి సూక్ష్మక్రిములను చంపే పాశ్చరైజర్ అంటే పైకి కనిపించేది రెండు మందపాటి ఫ్రేముల మధ్య పొడవాటి బోల్టులతో బిగించిన స్టీలు రేకుల కట్ట. ఒక్కో రేకు మందం అర మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. దానికి ఒకపక్క పచ్చి పాలు, రెండోపక్క అప్పుడే కాగిన పాలు ఎదురెదురుగా పారుతుంటాయి. 1923లో ఇంగ్లండులో రిచర్డ్ సెలిగ్మన్ తెచ్చిన ఈ పద్ధతి ఇంకా నిలిచి ఉందంటే కారణం లెక్కలోనే ఉంది. 4 డిగ్రీల పాలను 72కి చేర్చాలంటే 68 డిగ్రీలు పెంచాలి. రిజనరేషన్, అంటే కాగిన పాల వేడితోనే పచ్చి పాలను వేడి చేయడం, 90 శాతం ఉంటే అందులో 61 డిగ్రీలు కాగిన పాలే ఇచ్చేస్తాయి. వేడి నీళ్లు పెంచాల్సింది మిగిలిన ఏడే. అటు కాగిన పాలు కూడా 11 డిగ్రీలకు దిగి వస్తాయి కాబట్టి ఐస్ వాటర్‌కూ పని తక్కువే.

ఇంత ఆదాకూ ఒక చిక్కుంది. పచ్చి పాలకూ ప్యాకెట్లోకి వెళ్లే పాలకూ మధ్య అడ్డం ఆ పలుచని రేకు ఒక్కటే. రేకుల మీది వంకీలు పాలను సుడులు తిప్పుతాయి, పక్క రేకును తాకి ఒకదానికొకటి ఊతమిస్తాయి. ఆ తాకే చోటే చీలికలు మొదలవుతాయి. పంపు ఆగి మొదలైనప్పుడల్లా, వాల్వు టక్కున మూసుకున్నప్పుడల్లా ఒత్తిడి మారి లోహం అలసిపోతుంది. కంటికి కనిపించని సూదిబెజ్జం పడుతుంది.

అందుకే రేకు ఎప్పుడో ఒకప్పుడు కారుతుందనుకునే డిజైన్ చేస్తారు. రిజనరేషన్ భాగంలో కాగిన పాల పక్క ఒత్తిడి ఎప్పుడూ పచ్చి పాల పక్కకంటే ఎక్కువ ఉండాలి. అప్పుడు బెజ్జం పడినా మంచి పాలు పచ్చి పాలలోకి పోతాయి తప్ప అటువి ఇటు రావు. ఈ తేడా తగ్గితే పచ్చి పాల బూస్టర్ పంపు దానంతట అదే ఆగాలి. రేకుల్లో పాలు వచ్చిపోయే రంధ్రాల చుట్టూ గాస్కెట్ (కారకుండా పెట్టే రబ్బరు పట్టీ) రెండు వరసలుగా ఉండటం, మధ్యలో బయటికి చిన్న గాడి ఉండటం కూడా ఇందుకే. ఒక వరస తెగితే పాలు నేల మీద చుక్కలు పడతాయి, లోపల కలవవు. ఆ గాడిని సీలెంట్‌తో పూడ్చేవాళ్లున్నారు. అంతకంటే తెలివితక్కువ పని లేదు.

ఇక మడ్డి. పాలు కాచిన గిన్నె అడుగున పట్టేదే ఇక్కడా పడుతుంది: వేడికి విచ్చుకున్న వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటిలో ఉండే ప్రోటీన్), దానితో కాల్షియం ఫాస్ఫేట్. 72 నిలబెట్టడానికి వేడి నీళ్ల ఉష్ణోగ్రత రోజంతా కొంచెం కొంచెంగా పెంచాల్సి వస్తోందంటే రేకుల మీద పొర మందమవుతున్నట్టే. ముందు నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, తర్వాత 1 నుంచి 1.5 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 75–80 డిగ్రీల దగ్గర తిప్పాలి. ప్రోటీన్ దానికి లొంగుతుంది, ఖనిజం లొంగదు. దానికి మళ్లీ నీళ్లతో కడిగాక 0.5 నుంచి 1 శాతం నైట్రిక్ యాసిడ్, 60–65 డిగ్రీలు. ఇంకా ఘాటుగా పెడితే గాస్కెట్ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. వేడి క్లోరిన్ ద్రావణం జోలికి వెళ్లొద్దు, స్టీలులో గుంటలు పడతాయి.

విప్పి మళ్లీ బిగించేటప్పుడు చెయ్యి బలాన్ని నమ్మొద్దు. రేకుల సంఖ్యకు తగ్గట్టు కట్ట మందం ఎంత ఉండాలో తయారీదారు ఇస్తాడు. బోల్టులను ఐమూలగా కొద్దికొద్దిగా తిప్పుతూ, నాలుగు మూలలా టేపుతో కొలుస్తూ ఆ అంకెకు రావాలి. కారుతోంది కదా అని కనిష్ఠ కొలత దాటి బిగిస్తే వంకీలు నలిగి రేకులే పాడవుతాయి. అంత బిగించినా కారుతుంటే మార్చాల్సింది గాస్కెట్.