ఐసు నీళ్లలో ముంచితే థర్మామీటరు సంగతి తేలుతుందా?

తిరుపతిలో క్లినిక్కులకు బీపీ మిషన్లు, థర్మామీటర్లు సరిచూసి ఇవ్వడం నా పని. జ్వరాల సీజను వచ్చిందంటే మా వీధివాళ్లు కూడా "అన్నా, ఇది తప్పు చూపిస్తోంది, కొంచెం చూడు" అంటూ వాళ్ల థర్మామీటర్లు పట్టుకొస్తారు. చాలాసార్లు మిషను బాగానే ఉంటుంది, చూసిన పద్ధతిలోనే తేడా.

అపోహ: ఐసు నీళ్లలో 0, మరిగే నీళ్లలో 100 చూపిస్తే మంచిది.

వంటింటి థర్మామీటరుకు సరే. జ్వరం చూసేదానికి మాత్రం వద్దు. మామూలు డిజిటల్ థర్మామీటరు చదివేది సుమారు 32 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకే, ఐసులో పెడితే ఎల్, ఓ అని రెండక్షరాలు చూపిస్తుంది, అంటే 'తక్కువ' అని, చెడిపోయిందని కాదు. మరిగే నీళ్లలో పెడితే నిజంగానే చెడిపోతుంది, పాదరసంది అయితే పగులుతుంది. పైగా ఆ 100 సముద్రమట్టం లెక్క. దాదాపు ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి తిరుమల కొండ మీద నీళ్లు 97 దగ్గరే మరిగిపోతాయి, హార్సిలీ హిల్స్‌లో ఇంకా తక్కువకే.

మరి ఇంట్లో ఎలా చూడాలి? జ్వరం వేడి దగ్గరే చూడాలి. ఫ్లాస్కులో 38, 39 డిగ్రీల నీళ్లు పోసి, మీదీ, నమ్మకమైన ఇంకొకటీ రబ్బరు బ్యాండుతో జతకట్టి, కొనలు మాత్రమే మునిగేలా పట్టుకుని నీళ్లు కలుపుతూ ఉండండి. డిజిటల్‌ది ఎక్కువ అంకె దగ్గరే ఆగిపోతుంది, అందుకే ప్రతిసారీ ఆపి మళ్లీ ఆన్ చేసి, మూడుసార్లు చూడండి. ఒక్కోదానికి 0.1 అటూ ఇటూ ఉండటం మామూలే, కాబట్టి రెండింటి మధ్య 0.2 తేడాకు టెన్షన్ పడొద్దు. అరడిగ్రీ ఉంటే ముందు బ్యాటరీ మార్చండి, అప్పటికీ తగ్గకపోతే మూడోది తెచ్చి పెట్టండి, లేదంటే రెండింట్లో తప్పు దేనిదో ఎలా తెలుస్తుంది? పది సెకన్లలో చెప్పేసే రకాలు అంచనా కట్టి చెబుతాయి, ఆ అంచనా మనిషి ఒంటికి సరిపడేలా చేసింది, నీళ్లలో తప్పొచ్చు.

అపోహ: నుదుటి గన్నును గోడకో కాఫీ గ్లాసుకో పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

తెలియదు. బాడీ మోడులో అది చర్మం వేడి చూసి, లోపలి వేడి ఎంతుంటుందో లెక్కకట్టి చెబుతుంది. గోడకు ఆ లెక్కేంటి? స్టీలు గ్లాసైతే మరీ మోసం, మెరిసే లోహం చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది. మొన్న రోహిణి కార్తెలో ఒక పెద్దమ్మ "పిల్లోడి ఒళ్లు చల్లగా ఉంది నాయనా, ఇదేమో 101 అంటోంది" అని తెచ్చింది. ఎక్కడ పెట్టావమ్మా అంటే స్కూటర్ డిక్కీలోనంట! అరగంట నీడలో ఉంచి చూపిస్తే 98 చిల్లర. పిల్లాడు కూడా ఎండలోంచి రాగానే చూడకూడదు, చెమట తుడిచి కాసేపు కూర్చోబెట్టాలి.

గన్ను కిరణాలు మెదడుకు తగులుతాయన్నది ఉత్తమాటే. అది కిరణాలు వదలదు, మన ఒంటి నుంచి వచ్చే వేడినే చదువుతుంది.

ఇక చంకలో పెట్టేవాళ్లకు ఒక మాట. బీప్ వినగానే తీసేయకండి. చంక మూసుకుని వేడెక్కడానికే టైమ్ పడుతుంది, చేయి బిగించి ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచితే అంకె ఇంకా పెరగడం మీకే కనిపిస్తుంది.